బ్యాకప్ హార్డ్ డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచాలా, తీసి బీరువాలో పెట్టాలా?

బెజవాడ_ఇల్లాలు:
నమస్కారం అండి. మా ఇంటి కంప్యూటర్‌లో 300 జీబీ దాకా ఉంది. నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు, అమ్మమ్మ పాడిన మంగళహారతులు. అమ్మమ్మ ఇప్పుడు లేరు, ఆ పాటలు పోతే మళ్లీ దొరకవు. అందుకే 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, విండోస్ 11లో ఫైల్ హిస్టరీ (మారిన ఫైళ్లను దానంతట అదే వేరే డిస్క్‌లోకి కాపీ చేసే సదుపాయం) ఆన్ చేశాం. డిస్క్ తీస్తే మళ్లీ పెట్టడం మర్చిపోతాం, అలాగే ఉంచేయమంటారు మావారు. బ్యాకప్ అవగానే పీకేయమంటాడు తమ్ముడు. మీరేమంటారు?

రిపేరు_బల్ల:
మీ తమ్ముడి మాటే వినండమ్మా. తగిలించి ఉన్న డిస్క్‌ని కంప్యూటర్ తన సొంత డ్రైవ్‌లాగే చూస్తుంది. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వస్తే దాన్నీ వదలదు. 2017 మేలో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది కంప్యూటర్ లోపలి ఫైళ్లతోపాటు తగిలించి ఉన్న డ్రైవ్‌లలోని ఫైళ్లకూ తాళం వేసేది. వైరస్ సంగతి పక్కన పెట్టినా, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) కాలినప్పుడు దానితో పాటే పోయిన డిస్కులు నా బల్ల మీదకి వచ్చాయి. పిల్లలున్న ఇల్లు కూడా. తిరుగుతున్న హార్డ్ డిస్క్ వైరు కాలికి తగిలి కింద పడితే లోపల డేటా చదివే హెడ్ వెళ్లి, డేటా ఉండే ప్లేటుకి తగులుతుంది. అప్పుడు డేటా బయటికి తీయడానికయ్యే ఖర్చుతో కొత్త డిస్కులు రెండు మూడు వస్తాయి.

లెడ్జర్_పుస్తకం:
నేను ఒప్పుకోను. చెప్పినంత తేలిక కాదు ప్రతివారం తగిలించడం. నేనూ మొదట్లో ప్రతి ఆదివారం అనుకున్నాను. రెండు వారాలు చేశాను. తర్వాత పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. కంప్యూటర్‌లో డిస్క్ పోయిన రోజు బీరువా తెరిచి చూస్తే బ్యాకప్ నాలుగు నెలల నాటిది. ఆ నాలుగు నెలల లెక్కలు బిల్లులు చూసి మళ్లీ టైప్ చేశాను. ర్యాన్సమ్‌వేర్ ఎంతమంది ఇళ్లకి వస్తుందండీ? మతిమరుపు అందరి ఇళ్లలోనూ ఉంటుంది.

రిపేరు_బల్ల:
మీ బాధ నిజమే, కాదనను. కానీ డిస్క్ లేనంత మాత్రాన ఫైల్ హిస్టరీ పని ఆపేయదు. మారిన ఫైళ్ల కాపీలు కొంతవరకు కంప్యూటర్‌లోనే దాచి, డిస్క్ పెట్టగానే అందులోకి పంపుతుంది. ఫోన్‌లో శనివారం రాత్రికి అలారం పెట్టుకోండి, సరిపోతుంది.

క్లౌడ్_మనిషి:
ఇద్దరూ ఎందుకు గొడవ పడుతున్నారు? గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే ఏ డిస్కూ అక్కర్లేదు.

లెడ్జర్_పుస్తకం:
ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఆవిడ దగ్గర 300 ఉంది. డబ్బు కట్టి తీసుకున్నా, 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైన్ మీద ఎక్కడా ఆగకుండా ఎక్కిస్తే దాదాపు 17 గంటలు. ఇంకో మాట. ఫోల్డర్‌ని సింక్‌లో (ఇక్కడి మార్పు అక్కడా దానంతట అదే జరిగేలా) పెడితే ఇక్కడ పొరపాటున తీసేసిన ఫైల్ అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. ఈలోగా మనం గమనించకపోతే అంతే. పొలం కాగితాల వరకు అక్కడ పెట్టుకోమనండి, మంచిదే.

సింగ్‌నగర్_వాసి:
నేను మీ ఊరి మనిషినే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా కింది అంతస్తు మునిగింది. కంప్యూటర్ టేబుల్ మీద, బ్యాకప్ డిస్క్ అదే గదిలో బీరువా అడుగు అరలో. రెండూ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. డిస్క్ తీసే పెట్టాను, ఏం లాభం? మా అన్నయ్య దగ్గర పాత పెన్ డ్రైవ్ ఉండబట్టి పెళ్లి ఫొటోలు మాత్రం మిగిలాయి. మీ డిస్క్ తగిలి ఉందా, తీసి ఉందా అన్నది తర్వాత. ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలి. దయచేసి ముందు ఆ పని చేయండి.

బెజవాడ_ఇల్లాలు:
అందరికీ ధన్యవాదాలు. సింగ్‌నగర్ గారి మాట చదివాక మావారు ఇంకేం మాట్లాడలేదు. ఇంకో డిస్క్ కొన్నాం. మొదటిది శనివారాలు తగిలించి తీసేస్తాం, రెండోది గుంటూరులో తమ్ముడింట్లో ఉంటుంది.

రెండోది గుంటూరు పంపేముందు ఎందుకో భయమేసి, మొదటి డిస్క్‌ని తమ్ముడి ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాం. ఫైళ్లు తెరుచుకున్నాయి, ఒక్కో పేరు చివర తేదీ, టైమ్ కూడా ఉన్నాయి. ఫొటోలున్నాయి. అమ్మమ్మ పాటలు లేవు! నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఎందుకంటే పాటలన్నీ మేము డీ డ్రైవ్‌లో (కంప్యూటర్‌లోనే విండోస్ ఉండే సీ డ్రైవ్ కాకుండా ఇంకో భాగంలో) పెట్టాం. ఫైల్ హిస్టరీ దానంతట అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాటినే తీసుకుంటుందట. డీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌ని మనమే విండోస్‌లోని లైబ్రరీలో (వేర్వేరు చోట్ల ఉన్న ఫోల్డర్లను ఒకచోట చూపే జాబితాలో) చేర్చాలట. నెలరోజులుగా బ్యాకప్ ఉందన్న ధైర్యంతో ఉన్నాం, అసలైనవే అందులో లేవు.

నిన్న రాత్రి ఆ ఫోల్డర్‌ని చేర్చి మళ్లీ నడిపాం. ఈసారి పాటలు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మోగాయి. మీలో డీ డ్రైవ్‌లో ఫైళ్లు దాచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే ఒకసారి చూసుకోండి.