వయొలిన్ పికప్‌కి ప్రీఆంప్ కొనాలా, మిక్సర్‌కే పెట్టేయాలా?

బరంపురం వయొలిన్:
నవమి పందిళ్ళ కోసం బ్రిడ్జికి పియెజో పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే బిళ్ళ) పెట్టించాను. నేరుగా మిక్సర్‌కి కలిపితే రేకు డబ్బా మీద గీసినట్టుంది, నాలుగో తీగలో బలమే లేదు. మధ్యలో సిగ్నల్‌కి బలమిచ్చే ప్రీఆంప్ పెట్టె ఒకటి, ఎల్‌ఆర్ బ్యాగ్స్ కంపెనీ పారా డీఐ కొనాలనుకుంటున్నా. చవకలో ఇంకేదైనా ఉందా?

రాయగడ సౌండ్:
ఏదీ కొనకండి మేష్టారూ. మిక్సర్‌లో ప్రీఆంప్ ఉండనే ఉంది. లో (కింది స్వరాల నాబ్) పెంచి, మిడ్ (మధ్య స్వరాలది) కాస్త తగ్గిస్తే చాలు.

పర్లాకిమిడి వీణ:
లో పెంచితే దాంతోపాటు హమ్ (గుయ్‌మనే మోత) కూడా పెరుగుతుంది. పియెజో అంటే ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, దాని ఎదురుగా ఉన్న ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఓమ్‌లలో కొలుస్తారు) తక్కువైతే ముందు పోయేది కింది స్వరాలే. మీ పికప్ కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకోండి, 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కి 160 హెర్ట్జ్ దగ్గరే కోత పడుతుంది, దాని కిందవన్నీ తగ్గిపోతాయి. ఒకటిన్నర శ్రుతిలో మీ నాలుగో తీగ పలికే మంద్ర షడ్జం (కింది స) 139 హెర్ట్జ్! అదే 10 మెగా ఓమ్ అయితే కోత 16 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, మనకి వినపడే హద్దుకి కింద. పారా డీఐకి ఉన్నది ఆ 10 మెగా ఓమే.

రాయగడ సౌండ్:
నా మిక్సర్‌కి హై-జెడ్ బటన్ ఉంది, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ పెంచేది. 1 మెగా ఓమ్.

పర్లాకిమిడి వీణ:
అన్నయ్యా, నేను చెప్పిందీ 1 మెగా ఓమ్ గురించే కదా. ఆ బటన్ గిటార్ కాయిల్ పికప్‌కి సరిపోతుంది. పైగా మిక్సర్ పందిరి చివర ఉంటుంది, పికప్ నుంచి అంత పొడుగు వైరు లాగితే సిగ్నల్ ఇంకా పడిపోతుంది. పెట్టె వాయించేవాళ్ళ పక్కనే ఉండాలి.

గుణుపురం:
మధ్యలో బ్యాటరీ అయిపోతే?

పర్లాకిమిడి వీణ:
పారా డీఐ మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్‌తో (మైకు వైరులోనే వచ్చే కరెంటుతో) కూడా నడుస్తుంది.

రాయగడ సౌండ్:
లెక్కలు బాగున్నాయి. బాక్సులు కూత పెడితే జనం తిట్టేది ఎవరిని? వాయించేవాళ్ళందరూ తలో పెట్టె తెచ్చుకుని తలో నాబ్ తిప్పుతుంటే నేనెందుకక్కడ?

బరంపురం వయొలిన్:
ఓ పెళ్ళిలో వర్ణం అయ్యేదాకా నా చానల్ మ్యూట్‌లోనే ఉంది. చెయ్యి ఊపాను, పిలిచాను, ఆ అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు. ముందువరసలో మా గురువుగారు కూర్చుని ఉన్నారు.

రాయగడ సౌండ్:
మ్యూట్ తియ్యకపోతే మీ 10 మెగా ఓమ్ ఏం చేస్తుంది? ఎవడో చేసిన పనికి నన్నంటారేమిటి? మీకు కావలసింది ప్రీఆంప్ కాదు మేష్టారూ, మా మీద మీకు నమ్మకం లేదు, అది చెప్పండి.

బరంపురం వయొలిన్:
లేదు. నా నాదం ఎలా ఉండాలో నా చేతిలో ఉండాలి. ఊరికో మిక్సర్, ఊరికో మనిషి.

రాయగడ సౌండ్:
సరే, పెట్టె తెచ్చుకోండి. గంట ముందు రండి, ఇద్దరం కూర్చుని సెట్ చేద్దాం. ఆ తర్వాత వాల్యూమ్ మాత్రం ముట్టుకోవద్దు.

బరంపురం వయొలిన్:
ముట్టుకుంటాను. గాయకుడి వెనక వాయించేటప్పుడూ, నేనొక్కణ్ణే ఆలాపన చేసేటప్పుడూ ఒకే వాల్యూమ్ ఎలా కుదురుతుంది?

రాయగడ సౌండ్:
అది చూసుకోడానికేగా నేను కూర్చునేది! గాయకుడు రాగం మీకు వదిలేది ఎప్పుడో నాకు తెలీదా?

బరంపురం వయొలిన్:
మీకు తెలిసే ఉంటుంది. మీరున్న చోట నాబ్ మీకే వదిలేస్తాను. అన్ని ఊళ్ళలోనూ మీరుండరు కదా. పారా డీఐకే ఆర్డర్ పెడుతున్నా.