థ్రిల్లర్ ఓపెనింగ్: ట్యూబ్‌లైటు కింద గీతలొస్తున్నాయి

ప్రశ్న (కర్నూలు): అన్నా, కాలేజీకి 2 నిమిషాల సైకలాజికల్ థ్రిల్లర్ ఓపెనింగ్ తీయాల. ఒక అమ్మాయి, హాస్టల్ గది, కొండారెడ్డి బురుజు దగ్గర ఒక షాట్. ఫోన్‌లో తీస్తే ట్యూబ్‌లైటు కింద గీతలు పాకుతున్నాయి. ఏం చేయాల?

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెట్టు, గీతలు పోతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా వాటంతట అవి మారకుండా లాక్ చేయి. లేకుంటే ఆ అమ్మాయి తల తిప్పగానే గోడ రంగు మారి, భయమంతా చెడిపోతుంది. బురుజు పురావస్తు శాఖది, షూటింగ్‌కు అనుమతి కావాల. గది చాల్లే.

జవాబు: ముఖం ముందే చూపొద్దు తమ్ముడూ. కొరికిన గోళ్లు, చల్లారిన టీ మీద మీగడ, తలుపు గడియ. 12–15 షాట్లు చాలు. చివరిది మాత్రం 20 సెకన్లు కెమెరా కదలకుండా ఉంచు, చూసేవాళ్లే మూలలు వెతుక్కుంటారు.

జవాబు: సౌండ్ మరిచిపోయినారు! ఫ్యాన్ ఆపి డైలాగు తీయండి. తర్వాత అందరూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడి, ఖాళీ గది శబ్దం 1 నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో ఆ శబ్దాన్ని డైలాగుల కింద పరచకపోతే ప్రతి కట్ దగ్గరా శబ్దం తెగుతుంది.