రాక్ క్రాలర్‌కు జీపు బాడీ: రేకును వేడిచేసి అచ్చుపై లాగడమా, ముక్కలు కోసి అతకడమా?

నాగావళి ఒడ్డు (రాయగడ):
సభ్యులకు నమస్కారం. మా ఊళ్లో రిమోట్ కంట్రోల్ రాక్ క్రాలర్లు, అనగా బండరాళ్లపై పాకే బొమ్మ బండ్లు, నడిపేవాళ్లం పట్టుమని పదిమందిమి లేము. అయినా ఈ ఒక్క విషయంలో రెండు జట్లుగా చీలిపోయాము కనుక పెద్దల అభిప్రాయం కోరుతున్నాను. చాసిస్ సిద్ధంగా ఉంది, దాని ముందు వెనక చక్రాల మధ్య దూరం 313 మి.మీ. దానిపైకి ఘాట్ రోడ్డులో సంతకు జనాన్నీ బస్తాలనూ మోసిన పాత జీపు రూపం కావాలి. అసలు సీజే-3బీ జీపుకు ఆ దూరం 80 అంగుళాలు, అనగా 2,032 మి.మీ.; పదో వంతుకు దించితే 203 మాత్రమే. వెల్డింగు షెడ్డులో జీపు నడుమును పొడిగించినట్టు మేమూ పొడిగించక తప్పదు, అటువంటి బాడీ ఎక్కడా కొనడానికి దొరకదు.

నాది పాలికార్బొనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) పక్షం. మామిడి చెక్కతో అచ్చు చెక్కి, 1 మి.మీ. రేకును చట్రంలో బిగించి, 180 డిగ్రీలు దాటేవరకు ఓవెన్‌లో వేడిచేసి, అది నవారు మంచం నడుమ కుంగినట్టు కుంగగానే అచ్చుపై దించి, కింది నుంచి వాక్యూమ్ క్లీనరుతో గాలి లాగితే బాడీ అంతా ఒకేసారి వస్తుంది. 50×30 సెం.మీ. రేకు బరువే 180 గ్రాములు. అంచులు కోశాక 160కి మించదు. అదే 2 మి.మీ. ఏబీఎస్ (మరో రకం గట్టి ప్లాస్టిక్) రేకును కోసి అతికితే సుమారు 2,000 చదరపు సెం.మీ. పడుతుంది, బరువు 420 గ్రాములు. ఆ 260 గ్రాముల తేడా బండి నెత్తిన కూర్చుంటుంది. అది 160 మి.మీ. ఎత్తున ఉందనీ, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పులో సగం 100 మి.మీ. అనీ అనుకుంటే, 2.5 కిలోల బండి గురుత్వ కేంద్రం 80 మి.మీ. నుంచి 87.5కు లేస్తుంది, పక్కకు పల్టీ కొట్టే కోణం 51 డిగ్రీల నుంచి 49కి పడిపోతుంది.

కొమ్ముపని ఇల్లు (పర్లాకిమిడి):
తమ్ముడూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ రెండు డిగ్రీల కోసం జీపు ముఖమే పోగొట్టుకుంటున్నారు. మా ఇంట్లో గేదె కొమ్మును నిప్పుల సెగపై మెత్తబరచి ఒత్తే పని చూస్తూ పెరిగాను, వేడికి వంగే వస్తువు గుణం కొంత తెలుసు. కొమ్మును మేము సాగదీయము, ఉన్న మందాన్నే వంచుతాము. గాలితో రేకును లాగడం అలా కాదు; ఎంత లోతుకు సాగితే అంత పలచబడుతుంది. అచ్చును ముందుగా తాకిన పైకప్పు ఇంచుమించు 1 మి.మీ. మందంతోనే మిగిలిపోతుంది, బండరాయికి రాసుకునే కింది మూలలు మాత్రం అందులో సగానికి దిగిపోవచ్చు. అంటే దెబ్బ తగిలే చోటే బలం లేదు.

పైగా అచ్చు పక్కలకు రెండు మూడు డిగ్రీల వాలు పెట్టకపోతే చల్లారిన బాడీ ఊడిరాదు. జీపు పక్కలు నిట్టనిలువుగా ఉంటాయి, మీ జీపు మాత్రం బోర్లించిన రొట్టెల డబ్బాలా ఉంటుంది. నిజమైన జీపు చదును రేకును కోసి వంచగా పుట్టినదే కదా, నమూనాకు ఆ దారి ఎందుకు పనికిరాదు? ఏబీఎస్ తునకలను అసిటోన్‌లో కరిగించిన గుజ్జుతో అతికితే అతుకు కూడా అదే ప్లాస్టిక్ అవుతుంది. పగిలితే మళ్లీ అదే గుజ్జు, కాస్త లప్పం, సాండ్‌పేపరు. బరువంటారా, యాక్సిల్ చివర్లకు ఇత్తడి తూకాలు 200 గ్రాములు బిగించండి.

నాగావళి ఒడ్డు:
అన్నగారూ, ఇత్తడి తూకాలు 50 మి.మీ. ఎత్తున బిగించినా కేంద్రం 87.5 నుంచి 85కే దిగుతుంది, పోయినదానిలో మూడో వంతే తిరిగివస్తుంది. అయితే నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. మొన్న ముసురులో తొలి రేకును లాగాను. ఓవెన్ అద్దంలోంచి చూస్తుండగానే రేకు నిండా ఆవగింజలంత బుడగలు లేచి, అప్పడం పొంగినట్టు పొంగింది. రేకు చెమ్మ పీల్చుకుని ఉందని తరువాత తెలిసింది. లాగే ముందు 120 డిగ్రీల వద్ద ఒకటి రెండు గంటలు ఆరబెట్టవలసిందట. మా వానాకాలానికి ఇదొక అదనపు వ్రతం.

గుణుపురం కొత్తవాడు:
త్రీడీ ప్రింటరుతో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌లో అచ్చువేస్తే ఈ గొడవే ఉండదు కదా, పెద్దలు మన్నించాలి.

టింకరింగ్ షెడ్డు (జయపురం):
బాబూ, పీఎల్‌ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో పెట్టి చూడండి, జీపు కాస్తా పడవ అవుతుంది.

ఇక మొదటి ఇద్దరికీ ఒక మాట. మీరిద్దరూ పాలికార్బొనేట్ అంటే వేడిచేయవలసినదే అనుకుంటున్నారు. ఈ రేకును ఇనుప రేకులాగే చల్లగానే వంచవచ్చు. బల్ల అంచున రెండు ఇనుప పట్టీల మధ్య బిగించి, చెక్క ముక్కతో మడత పొడవంతా ఒకే వత్తిడి పెట్టి నెమ్మదిగా మడవండి. వదలగానే కొంత వెనక్కి వస్తుంది కనుక 90 డిగ్రీలు కావాలంటే ఇంకొంత దాటించాలి. ఏబీఎస్‌ను అలా మడిస్తే మడత తెల్లబారి బలం పోతుంది. ఆరబెట్టడం లేదు, వాలు అక్కరలేదు, మూల పలచబడదు. నేను నిజం బండ్ల రేకు మడిచే మనిషిని, రెండు రకాల చేతిపనీ చూశాను. జీపు వంటి పెట్టె ఆకారానికి ఇదే సరైనదని నా నమ్మకం.

ఒక హెచ్చరిక మాత్రం మరవకండి. మడత దగ్గర రేకులో బిగువు నిలిచిపోతుంది, అక్కడ థిన్నరు గాని అసిటోన్ గాని తగిలితే వెంట్రుకల్లాంటి చీలికలు పడతాయి. సబ్బు నీళ్లతో కడిగి, లోపలి వైపునుంచి పాలికార్బొనేట్ రంగే వేయండి.

కొమ్ముపని ఇల్లు:
మడత మాట ఒప్పుకుంటున్నాను, ఇది మా కొమ్ము పద్ధతికే దగ్గర. కానీ ముందు గ్రిల్లు సంగతేమిటి? ఏడు చీలికలున్న ముఖం అది. పారదర్శక రేకుపై రంగుతో గీసిన చీలికలు రెండడుగుల దూరంలోనే దొరికిపోతాయి. ముఖం, తలుపు కీళ్లు, మడ్‌గార్డులు ఏబీఎస్‌లోనే ఉండాలని నా పట్టు.

నాగావళి ఒడ్డు:
నిన్న రాత్రి పాత ముక్కపై మడత వేసి చూశాను. 90 కోసం 105 దాకా తోసి వదిలితే 92 దగ్గర నిలిచింది, చీలిక లేదు. గ్రిల్లు విషయంలో అన్నగారిదే పైచేయి. కాకపోతే ఏబీఎస్ ముఖాన్ని గుజ్జుతో అతికితే అందులోని అసిటోన్ మడతను తినేస్తుంది కాబట్టి 2 మి.మీ. స్క్రూలతోనే బిగిస్తాను, రంధ్రాలు అంచుకు 6 మి.మీ. లోపలికి పెడతాను. బానెట్ పైభాగంలోని ఆ కొద్దిపాటి ఉబ్బు మాత్రం మడతకు లొంగడం లేదు. ఆ ఒక్క ముక్కకైనా నా మామిడి అచ్చు బయటికి తీయక తప్పేలా లేదు.