సమస్య: నీరు లేని చోట నిండ మునిగె

మొన్న ఆదివారం కొచ్చి నుంచి తెల్లారుతూనే బయల్దేరి కేరళలోని అతిరప్పిళ్ళి జలపాతం చూసి రాత్రికి ఇల్లు చేరాం. వర్షారణ్యం మధ్య చాలకుడి నది 80 అడుగుల పైనుంచి దూకుతుంది. రాళ్ల బాటలో దిగుతుంటే, నీళ్లు ఇంకా అంత దూరాన ఉండగానే, కళ్లద్దాల మీద తుంపర పేరుకుని తుడిచిన కొద్దీ మసకే. అక్కడే తట్టింది పైన సమస్యగా ఇచ్చిన ఈ పాదం. దీన్నే చివర ఉంచి, అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు రాయడం పూరణ. ఇది ఆటవెలది అనే పద్యానికి చివరి పాదం, ఇందులో గణాలు (అక్షరాల గుంపులు) అయిదూ సూర్యగణాలనే చిన్న గుంపులే. పూరణ కూడా అడవినీ జలపాతాన్నీ వదలకుండా ఉండాలి.

తమ్ముడి పూరణ:

దూరమందు నిలిచి తుంపరల్ తాకగా
తలయు బట్టలెల్ల తడిసిపోయె
గొడుగు దెచ్చుకొనని కుర్రవాడొక్కడు
నీరు లేని చోట నిండ మునిగె

మాస్టారు: గణాలూ, యతులూ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరాలు) అన్నీ సరిపోయాయి తమ్ముడూ. కానీ తడవడం వేరు, మునగడం వేరు. రెండో పాదంలో తడిసిపోయాక నాలుగో పాదానికి కొత్తగా చెప్పేది మిగల్లేదు.

అక్కయ్య పూరణ:

ఆకులల్లుకొన్న అడవిలోపల నిల్చి
పక్షి కూత వినుచు పరవశించి
మాట మరచిపోయి మనసు పచ్చదనాన
నీరు లేని చోట నిండ మునిగె

మాస్టారు: మనసు పచ్చదనంలో మునగడం నాకు చాలా నచ్చిందమ్మా. 'కొన్న అడవి' దగ్గర మాత్రం విసంధి, అంటే రెండు మాటలూ కలవకుండా విడిగా ఉండిపోయాయి. 'కొన్న యడవి' అనండి, యతికీ ఇబ్బంది లేదు.

నేను: అక్కయ్యా, అక్కడ హార్న్‌బిల్ పక్షులే నాలుగు రకాలున్నాయి. ఉత్త 'పక్షి కూత' అంటే మా ఊరి చెరువుగట్టు మీద కూడా వినిపిస్తుంది కదా, ఆ అడవిది అనిపించేలా ఒక్క మాట పడాలి.

మరో మిత్రుడు: నేను వెళ్లింది ఏప్రిల్లో. ఎగువన పెరింగల్‌కుత్తు డ్యామ్‌లో కరెంటు కోసం నీళ్లు ఆపి వదులుతుంటారు, వేసవిలో ధార బాగా సన్నబడుతుంది. టీకొట్టు దగ్గర పాలగిన్నెలో మీగడ మందంగా కట్టిపోయి ఉంది, దాన్ని కదిపేంత బేరం కూడా తగల్లేదు ఆయనకి. నా పూరణ:

ఎండకాలమందు నేరెండిపోవగా
చూడవచ్చు జనము సున్న యయ్యె
అప్పు చేసి టీల నమ్మువాడయ్యయో
నీరు లేని చోట నిండ మునిగె

నేను: ఇదే కావాలనుకున్నా! అప్పుల్లో పడినవాణ్ణి మనం 'నిండా మునిగాడు' అనే అంటాం, సమస్యలోని చిక్కు ఆ పలుకుబడితోనే విడిపోయింది. ఆ 'అయ్యయో' దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాను.

మాస్టారు: ధార సన్నబడుతుందని మీరే అన్నారు, పద్యంలో ఏరు ఏకంగా ఎండిపోయింది. 'ఎండకాలమందు నేరు సన్నగిలగా' అంటే నిజమూ నిలుస్తుంది, గణాలూ కుదురుతాయి.

మిత్రుడు: అప్పుడు 'నీరు లేని చోట' ఎలా మాస్టారూ? ఏట్లో నీళ్లున్నట్టే కదా?

మాస్టారు: కొట్టు ఉన్నది గట్టు మీద కదయ్యా, ఏట్లో కాదుగా!

మిత్రుడు: నిజమే. మార్చేశాను.