గడియారానికి టైం "పెట్టడం", గడియారం టైం "దిద్దుకోవడం": ఒక క్రియాపదం గురించి

సభ్యులందరికీ నమస్కారం. ఒక చిన్న క్రియాపదం దగ్గర ఆగిపోయాను. మీ అభిప్రాయం కావాలి. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేముండేది మ్యూనిక్‌లో. కిందటి నెల మొదట్లో హాల్లోకి ఒక గోడ గడియారం కొన్నాం. చూడ్డానికి ముళ్లున్న మామూలు గడియారమే, కానీ రేడియో సంకేతం అందుకుని టైం చూపించే రకం. పెట్టెలోంచి తీసి వెనక బ్యాటరీ వేశాను. వేయగానే ముళ్లన్నీ గబగబా తిరిగి 12 మీదికి చేరి, అక్కడే ఆగిపోయాయి. ఆ సమయానికి తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో ఉంది. "ఆగిపోయిందేమిట్రా? ముల్లు తిప్పి టైం పెట్టు" అంది. "ముల్లు ముట్టుకోకూడదమ్మా, అదే..." అని మొదలుపెట్టి ఆగాను. అదే ఏం చేస్తుంది? చివరికి "అదే సెట్ చేసుకుంటుంది" అన్నాను. అమ్మకి అర్థమైంది, కానీ నాకే ఆ మాట చాలలేదు.

ఎందుకు చాలలేదో చెప్తాను. మా తాతయ్య ఇంట్లో లోలకం గడియారం ఉండేది. దానికి ఆయన ప్రతి ఆదివారం "కీ ఇచ్చేవారు". అది గడియారానికి బలం ఇవ్వడం, దానికీ టైంకీ సంబంధం లేదు. ఆగిపోయిన గడియారాన్ని మళ్లీ నడిపిస్తే "టైం పెట్టేవారు", అలారం పెట్టినట్టే. నాలుగైదు నిమిషాలు తేడా వస్తే ముల్లు "జరిపేవారు". రేడియోలో వార్తలకి ముందు వచ్చే కూతల కోసం చేతి వాచీ పట్టుకుని కూర్చుని "సరిచూసుకునేవారు". తేడా ఉంటే అప్పుడు "సరిచేసేవారు". సరిచూడటం కంటితో చేసే పని, సరిచేయడం చేత్తో చేసే పని. ఇన్ని మాటలుండేవి. ఇప్పుడు వీటన్నిటికీ కలిపి "సెట్ చేయడం" అని ఒక్కటే అంటున్నాం. తప్పని అనను, నేనూ అదే అన్నాను కదా. కానీ ఈ కొత్త గడియారం చేసే పని పాత మాటల్లో దేనికీ చెందదు. అందుకే ఈ చర్చ.

అది చేసే పని ఇది. ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో మైన్‌ఫ్లింగెన్ అనే ఊరుంది. అక్కడి ప్రసార కేంద్రాన్ని డీసీఎఫ్77 అంటారు. 77.5 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ (పొడవాటి రేడియో తరంగాలు) మీద రాత్రింబగళ్లు టైం పంపుతుంది. 1959లో మొదలైంది, తేదీ, టైం పంపడం 1973 నుంచి. ఆ టైంకి పూచీ బ్రౌన్‌ష్వైగ్‌లోని జాతీయ కొలతల సంస్థ పీటీబీది. ప్రతి సెకను మొదట్లో సంకేతం బలం కాసేపు తగ్గుతుంది. 0.1 సెకను తగ్గితే సున్నా, 0.2 సెకను తగ్గితే ఒకటి. అలా ఒక నిమిషంలో నిమిషాలు, గంట, తేదీ, వారం, నెల, సంవత్సరం అన్నీ వరసగా వస్తాయి. 59వ సెకనులో మాత్రం ఆ తగ్గడం ఉండదు. ఆ సడి లేకపోవడమే గుర్తు. దాని తర్వాత బలం తగ్గిన క్షణంలో కొత్త నిమిషం మొదలవుతుంది. ఇంకో విశేషం, అంతసేపూ వచ్చిన అంకెలు చెప్పేది జరుగుతున్న నిమిషం గురించి కాదు, రాబోయే నిమిషం గురించి. అంటే టైం మైన్‌ఫ్లింగెన్‌లో ముందే రాసి ఉంటుంది, మన గడియారం దాని మీద ముల్లు నడుపుతుంది.

ఇక్కడే నాకు "దిద్దడం" గుర్తొచ్చింది. పలక మీద పంతులుగారు "అ" రాసిస్తే పిల్లవాడు దాని మీదే బలపంతో దిద్దుతాడు. సొంతంగా రాయడు. ఇంకొకరు రాసిన గీత మీద తన చెయ్యి నడుపుతాడు. ఈ గడియారం చేసేది అచ్చంగా అదే కదా! పైగా దిద్దడానికి తప్పు సరిచేయడమనే అర్థం కూడా ఉండనే ఉంది. చివర "కొను" చేరిస్తే, ఎవరూ ముట్టుకోకుండా తనకు తానే అన్న అర్థం కూడా వచ్చేస్తుంది. "గడియారం టైం దిద్దుకుంటుంది." ఈ వాక్యం మీ చెవికి ఎలా ఉంది? ఇంకా మంచి మాట ఉందా?

రెండో ప్రశ్న. ఈ రకం గడియారాన్ని తెలుగులో ఏమనాలి? "రేడియో గడియారం" అంటే పాటలు వచ్చే అలారం గడియారం అనుకుంటారు.

*

సభ్యురాలు, డాలస్:
మాకిక్కడ టైం కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి వస్తుంది, డబ్ల్యుడబ్ల్యువీబీ అనే ప్రసార కేంద్రం, 60 కిలోహెర్ట్జ్. ఇక్కడ అందరూ దీన్ని "ఆటమిక్ క్లాక్" అంటారు. ఆ అలవాటుతో మా వాళ్లు తెలుగులో "అణు గడియారం" అంటుంటే నాకు మనసొప్పదు. అణు గడియారం ఉండేది ప్రసారం చేసేవాళ్ల దగ్గర. మన గోడ మీదున్నది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారమే. దాని గొప్పంతా ఆ కబురు అందుకోవడంలో ఉంది. అందుకే పేరులో "అందుకోవడం" కనబడితే బాగుంటుంది. ఇంకో సంగతి, ఇక్కడ సంకేతంలో వచ్చేది లోకమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైం. మనం ఉండేది ఏ టైం జోనో గడియారం వెనక మీట జరిపి చెప్పాలి. కాబట్టి మా గడియారం పూర్తిగా తనే దిద్దుకోదు, ఆ ఒక్కటీ మనమే "పెట్టాలి".

సభ్యుడు, కరీంనగర్:
కీ ఇవ్వడానికి మా ఇంట్ల "చాబీ ఇచ్చుడు" అంటరన్నా. మా నాయనమ్మ "గడియారానికి చాబీ ఇచ్చినవా" అని అడిగేది. మీ మాటల పట్టికల అది గూడ చేర్చుండ్రి.
ఇగ నా బాధ గూడ వినుండ్రి. మా బావ జర్మనీ నుంచి ఇసొంటి గడియారమే తెచ్చిచ్చిండు. బ్యాటరీ ఏస్తె ముండ్లు 12 కాడికి వచ్చి ఆగుతయి. ఎంతసేపు చూసినా అంతే. అది పాడైందా, మాకే ఎరుక లేదా?

పోస్టు రాసినవారు:
తమ్ముడూ, చాబీ చేర్చాను, సంతోషం. గడియారం పాడవలేదు. మైన్‌ఫ్లింగెన్ మాట అందేది సుమారు 2,000 కిలోమీటర్ల వరకే. కరీంనగర్ ఆరు వేల పైచిలుకు దూరం. మన దేశంలో టైంకి ఆధారం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలే, కానీ ఈ గడియారాలు వినగలిగే లాంగ్‌వేవ్ ప్రసారం లేదు. వెనక "ఎం.సెట్" అని బొత్తాం ఉంటే కాసేపు నొక్కి పట్టుకోండి, ముళ్లు కదులుతాయి. మన టైం దగ్గరికి రాగానే వదిలేయండి. అప్పటి నుంచి మామూలు గడియారంలా నడుస్తుంది. అక్కడ అది దిద్దుకోదు, మీరే టైం పెట్టాలి. చూశారా, రెండు క్రియలూ కావాల్సిందే.

సభ్యుడు, రాజమండ్రి (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):
నాయనా, పోస్టు చదివి ఆనందించాను. ఒక్క సవరణ. దిద్దాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి. తప్పుగా రాసింది గానీ, పైన దిద్దమని పంతులు రాసిచ్చింది గానీ. బ్యాటరీ వేసిన ఆ మొదటి నిమిషాల్లో గడియారం దగ్గర ఏమీ లేదు. ముళ్లు 12 మీద పెట్టుకుని ఊరికే ఉంది. అప్పుడది దిద్దుకోవడం లేదు, టైం "తెలుసుకుంటోంది". ఒకసారి తెలిశాక, రోజూ రాత్రి ఆ సెకనూ అర సెకనూ తేడాని సవరించుకోవడం దిద్దుకోవడం. మొదటి పనికీ రెండో పనికీ ఒకే మాట వాడితే నువ్వు "సెట్" మీద పెట్టిన ఫిర్యాదే నీ మాటకీ వస్తుంది.
నాకు ఈ సందర్భంలో పాత గడియకుడుక గుర్తొచ్చింది. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలేవారు. నీరు నిండి మునిగితే ఒక గడియ, అంటే మన లెక్కలో 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు. మునగగానే గంట మోగించేవారు. ఊరంతా ఆ మోత విని టైం తెలుసుకునేది. "గంట" అన్న వస్తువు పేరే కాలం పేరు కూడా అయింది. వినడం అనేది మనకి కొత్త కాదు.

పోస్టు రాసినవారు:
గురువుగారూ, ఒప్పుకుంటున్నాను. నేను రెండిటినీ కలిపేశాను. మొదటిది తెలుసుకోవడం, తర్వాతది దిద్దుకోవడం. మీరు వినడం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ రోజు ముళ్లు 12 మీదే పది నిమిషాలు ఉండిపోతే అమ్మ "ఇంకా ఏం చేస్తోందిరా?" అంది. నేను ఈ ప్రసారం సంగతంతా చెప్పాను. "ఓహో, వింటోందన్నమాట. మరి మీ టీవీ గోలలో దానికెట్లా వినబడుతుంది?" అంది. అమ్మ మామూలుగానే అంది గానీ అది అక్షరాలా నిజం. నేను గడియారాన్ని టీవీ పక్కన, ఫోన్ ఛార్జర్ల దగ్గర పెట్టాను. వాటి విద్యుత్ రొద ఆ సంకేతాన్ని మింగేస్తుంది. ఇనుప చట్రాలూ, ఇనుము వేసిన కాంక్రీటు గోడలూ అడ్డే. అదీ కాక లోపల ఫెర్రైట్ కడ్డీకి తీగ చుట్టిన చిన్న యాంటెన్నా ఉంటుంది. అది ఫ్రాంక్‌ఫర్ట్ దిక్కుకి అడ్డంగా ఉంటే బాగా అందుతుంది, దాని కొన అటు తిరిగితే సరిగా అందదు. మాకు ఫ్రాంక్‌ఫర్ట్ వాయవ్యంలో ఉంది. గడియారం ముఖం అటు ఉండేలా కిటికీ దగ్గర బల్ల మీద ఆనించి పడుకున్నాను. రాత్రి రొద తక్కువ, లాంగ్‌వేవ్ మాట కూడా ఇంకా దూరం అందుతుంది. పొద్దున లేచేసరికి సరైన టైం చూపిస్తోంది. అప్పుడు గోడకి తగిలించాను.

సభ్యురాలు, విశాఖపట్నం:
నేను ఒప్పుకోలేకపోతున్నాను. మన పిల్లలు "సెట్ అయిపోతుంది" అంటారు, అది కూడా తెలుగే అయిపోయింది. "పెళ్లి సెట్ అయింది", "ఈ రంగు నీకు సెట్ అయింది" అంటున్నాం కదా. "దిద్దుకుంటుంది" అంటే బడి వాసన వస్తోంది. ఇంట్లో పలికే మాటే నిలబడుతుంది.

పోస్టు రాసినవారు:
అక్కా, మీ మాటలో న్యాయముంది. "సెట్ అవుతుంది" వద్దని నేను అనను. కానీ ఆ మాట ఫలితం చెప్తుంది, పని చెప్పదు. ఎవరు చేశారో, ఎలా చేశారో అందులో లేదు. ఇక దిద్దడం బడి దాటి ఎప్పుడో వచ్చేసింది. బొట్టు దిద్దుతాం, ముగ్గు దిద్దుతాం, మీసం దిద్దుకుంటాం, కాపురాలు చక్కదిద్దుతాం. ఇవన్నీ ఇంట్లో పలికే మాటలే. గడియారం దాకా రావడానికి ఒక్క అడుగే దూరం.

సభ్యుడు, కరీంనగర్:
అన్నా, గడియారం నడుస్తుంది. చేత్తోనే టైం పెట్టిన. పేరు సంగతి, మా దిక్కు నుంచి "వినే గడియారం" అని రాసుకోండ్రి. డాలస్ అక్క "అందుకునుడు" కన్నా ఇది అలకగ నోరు తిరుగుతది.

సభ్యురాలు, డాలస్:
"వినే గడియారం" నాకూ నచ్చింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి మీకు వేసవి కోసం ముందుకు జరిపిన గంట అక్టోబర్‌లో వెనక్కి జరిగినప్పుడు ఏమైంది? ఆ రాత్రి చూశారా?

పోస్టు రాసినవారు:
చూశాను, దాని కోసమే మేలుకుని కూర్చున్నాను. ఇక్కడ అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున 3 అవగానే టైం మళ్లీ 2 అవుతుంది. ఆ మార్పు రాబోతోందని ప్రసారంలో గంట ముందు నుంచే చెప్తారు. మనం "గంట వెనక్కి పెట్టడం" అంటాం. కానీ ఈ గడియారం ముల్లు వెనక్కి తిరగదు. మూడు దాటిన కాసేపటికి ముళ్లు కదిలి, ముందుకే పరుగు మొదలుపెట్టాయి. నాలుగు, ఐదు, ఆరు... అలా 11 గంటలు తిరిగి రెండు దగ్గరికి వచ్చి నిలిచాయి. తెనాలిలో అప్పటికే తెల్లారింది, అమ్మ కాఫీ పెడుతోంది. ఫోన్ గడియారం వైపు తిప్పి చూపించాను. అమ్మ గ్లాసు చేత్తో పట్టుకుని ముళ్లు ఆగేదాకా చూసి, "గంట వెనక్కి రావడానికి ఊరంతా తిరిగొచ్చిందిరా" అంది.