డయాలసిస్‌లో ఉన్న నాన్నకి అయిదు ప్రశ్నల ఫారం ఇచ్చారు. దాంతో ఏం చేస్తారు?

వానచినుకు:

నాన్నకి వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్ జరుగుతోంది. మొన్న యూనిట్లో ఒక అమ్మాయి పరిశోధన కోసమని సంతకం తీసుకుని ఒక ఫారం ఇచ్చింది. పేరు ఈక్యూ-5డీ. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి లేదా అసౌకర్యం, ఆందోళన లేదా దిగులు. ఒక్కోదానికి అయిదు గడులు. చివర్లో ఒక నిలువు గీత, సున్నా నుంచి వంద దాకా, ఈ రోజు మీ ఆరోగ్యం ఎక్కడుందో గుర్తు పెట్టమని.

నాన్న నడక దగ్గర "కొద్దిగా ఇబ్బంది" అని టిక్కు పెట్టి, మిగతా నాలుగూ "ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. గీత మీద 75. పక్కనే ఉన్న నాకు నోట మాట రాలేదు. డయాలసిస్ అయిన రోజు ఇంటికొచ్చాక రాత్రి దాకా మంచం దిగరు. నీళ్ళు కొలిచి తాగాలి. నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దామంటే కుదరదు. ఇవేవీ ఆ కాగితంలో లేవు.

ఆ అమ్మాయి మాటల్లో "కాస్ట్ ఎఫెక్టివ్‌నెస్" అని వినపడింది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఈ మార్కుల్ని బట్టి ఆయనకి వైద్యం కొనసాగించాలా వద్దా అని ఎవరైనా తేలుస్తారా? పోనీ, ఆయన సరిగ్గా నింపలేదు కాబట్టి నేను ఇంకో ఫారం నింపి ఇవ్వొచ్చా?

కలంకాగితం:

వానచినుకు గారూ, ముందు మీ భయం సంగతి. అలా ఎవరూ తేల్చరండీ. పరిశోధన కోసం ఇచ్చిన జవాబుల వల్ల వైద్యంలో తేడా రాకూడదు. ఆయన సంతకం పెట్టిన కాగితంలోనే ఆ మాట ఉండాలి, ఒక కాపీ అడిగి తీసుకోండి. చాలామంది జవాబులు కలిపి వైద్య పద్ధతుల్ని పోలుస్తారు. సెంటర్లో చేసే డయాలసిస్‌కీ, ఇంట్లో పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌కీ తేడా ఎంత, ఇలాంటివి.

రెండోదానికి మాత్రం గట్టిగా చెప్తున్నాను, దయచేసి మీరు నింపకండి. కిడ్నీ వార్డుల్లో ఈ ప్రశ్నలు అడగడమే నా ఉద్యోగం. పేషెంటు చెప్పగలిగినంత కాలం ఆయన జవాబే జవాబు. చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళ కోసం ఇంట్లోవాళ్ళు నింపే ఫారం వేరే ఉంది. ఇంట్లోవాళ్ళు నింపితే చాలాసార్లు పేషెంటు చెప్పినదానికంటే పరిస్థితి అధ్వానంగా కనిపిస్తుంది. నడక లాంటి కంటికి కనపడేవాటిలో ఇద్దరి మాటా దాదాపు కలుస్తుంది, నొప్పీ దిగులూ దగ్గరికొచ్చేసరికి కలవదు.

ఆయన పెట్టిన 75 నిజమే కావచ్చు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో హీమోడయాలసిస్ పేషెంట్లకీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. అది వారం పాటు వేళాపాళా లేకుండా మోగుతుంది, మోగినప్పుడల్లా ఆ క్షణంలో మనసెలా ఉందో నమోదు చెయ్యాలి. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. డయాలసిస్ మీద ఉంటే ఎలా ఉంటుందో ఊహించమంటే మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అంతకంటే ఎంతో దిగులుగా ఊహించారు.

అలాగని ఫారం మీద మీ అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. నేను తరచూ చూసేది చెప్తాను. పేషెంటు ఎడమ చేతికి రెండు సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. ప్యాడ్ నేను పట్టుకుంటే ఆయన కుడిచేత్తో టిక్కు పెడతారు. మొదటి రెండూ చకచకా అయిపోతాయి. రోజువారీ పనుల దగ్గర కలం ఆగుతుంది. "ఏ పనులమ్మా? ఇప్పటివా, జబ్బు రాకముందువా?" అంటారు. నేను నా మాటల్లో వివరించకూడదు. అచ్చులో ఉన్నదే మళ్ళీ చదవాలి: ఉద్యోగం, చదువు, ఇంటిపని, కుటుంబంతోనో తీరిగ్గానో చేసేవి. కాసేపు ఆలోచించి, ఇప్పుడు చెయ్యగలుగుతున్న ఆ కాసిని పనులే లెక్కలోకి తీసుకుని "ఏ ఇబ్బందీ లేదు" అని పెట్టేస్తారు. జబ్బు వల్ల మానుకున్న పనులకి అక్కడ గడి లేదు. ఈ ఫారం మొత్తంలో నన్ను బాగా బాధపెట్టే చోటు అదే.

పైగా అడిగేది "ఈ రోజు" గురించి. రెండు రోజుల విరామం తర్వాత ఒంట్లో నీరు చేరి ఆయాసపడుతూ వచ్చినప్పటి జవాబు వేరు, వారం మధ్యలోది వేరు. డయాలసిస్ తర్వాతి నీరసం ముంచుకొచ్చే వేళకి ఆయన ఇంట్లో ఉంటారు, నేను అక్కడుండను. అందుకే ఏ రోజు, ఏ షిఫ్టులో, సూది గుచ్చకముందా తర్వాతా అన్నది ఫారం మీద రాయాల్సిందేనని పట్టుబడతాను.

భిన్నాంకం:

లెక్క వైపు నుంచి కొంత. అయిదు ప్రశ్నలు, అయిదేసి మెట్లు, మొత్తం 3,125 ఆరోగ్య స్థితులు. ఒక్కో ప్రశ్నకి ఒక అంకె, 1 అంటే ఏ ఇబ్బందీ లేదని, 2 అంటే కొద్దిగా ఇబ్బంది అని. అలా మీ నాన్నగారిది 21111. దానికి విలువ కట్టేది ఆయన కాదు, మామూలు జనం. "ఈ స్థితిలో పదేళ్ళు బతుకుతారా, పూర్తి ఆరోగ్యంతో ఇంకొన్ని తక్కువ ఏళ్ళు బతుకుతారా?" అని అడుగుతూ పోతారు. ఏడేళ్ళ దగ్గర రెండూ ఒకటే అనిపిస్తే ఆ స్థితి విలువ 0.7. పూర్తి ఆరోగ్యం 1, మరణం 0. దాన్ని బతికిన ఏళ్ళతో గుణిస్తే క్యాలీ వస్తుంది, అంటే ఆరోగ్యం ఎంత బాగుందో చూసి సరిచేసిన జీవిత కాలం. 0.6 చొప్పున నాలుగేళ్ళకి 2.4. కొత్త పద్ధతితో 0.7 అయితే 2.8. అదనంగా అయిన ఖర్చుని ఆ 0.4తో భాగిస్తారు. ఇంగ్లండులో ఏ వైద్యానికి ప్రభుత్వ డబ్బు పెట్టాలో చెప్పే, 1999లో మొదలైన నైస్ సంస్థ చాలా ఏళ్ళపాటు ఒక్కో క్యాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్లు అన్న హద్దుతో పనిచేసింది.

ఇప్పుడు చూడండి. "ఏ ఇబ్బందీ లేదు" అనడం వల్ల మీ నాన్నగారికి నష్టం లేదు, డయాలసిస్ నిలబెట్టిన ప్రతి ఏడూ లెక్కలో దాదాపు పూర్తిగా పడుతుంది. నష్టపోయేది నీరసం తగ్గించే కొత్త పద్ధతి. నడక తప్ప మిగతా నాలుగింటిలో ఆయన ముందే పైమెట్టు మీద ఉన్నారు, ఎక్కడానికి ఇంకో మెట్టు లేదు. ఆ సాయంత్రాలు ఆయనకి తిరిగొచ్చినా అంకె కదలదు, డబ్బు దండగ అని తేలుతుంది.

మీ భయానికి మూలం లేకపోలేదు. 1960ల మొదట్లో సియాటిల్‌లో యంత్రాలు చాలక, ఎవరికి డయాలసిస్ ఇవ్వాలో ఒక కమిటీ నిజంగానే మనిషి మనిషినీ చూసి తేల్చింది. ఉద్యోగం, పిల్లలు, చర్చికి వెళ్ళడం కూడా చూశారు. 1968లో ఆర్థికవేత్త క్లార్మన్ బృందం మనుషుల్ని కాక పద్ధతుల్ని పోల్చింది. మార్పిడి చేసిన కిడ్నీతో గడిచే ఏడాదిని డయాలసిస్ ఏడాదికంటే పావువంతు ఎక్కువగా లెక్కించింది. క్యాలీ అన్న పేరు రాకముందే ఆ ఆలోచన కిడ్నీ జబ్బు దగ్గరే మొదలైంది.

చక్రాలకుర్చీ:

భిన్నాంకం గారూ, "నష్టం లేదు" అన్నది ఆ పెద్దాయన విషయంలో సరే, నా విషయంలో కాదు. నేను పుట్టినప్పటి నుంచి నడవలేను. నడక దగ్గర నా టిక్కు ఎప్పుడూ ఆఖరి గడిలోనే. ఒక మందు నన్నూ, నడిచే మనిషినీ చెరో ఏడాది బతికిస్తే, మీ లెక్కలో నా ఏడాది చిన్నది. ఆ విలువ కట్టినవాళ్ళలో చాలామంది నా కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోనివాళ్ళు. అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం, పీకోరీ అనే పరిశోధన సంస్థ క్యాలీ హద్దు పెట్టుకుని తీర్పులివ్వకూడదని రాసింది. ఈ అభ్యంతరం పక్కన పెట్టేది కాదు.

వానచినుకు:

అందరికీ ధన్యవాదాలు. ఎందుకు నాన్నా అలా పెట్టావు అని అడిగాను. "స్నానం నేనే చేస్తున్నానా లేదా? నొప్పి లేదు. మరి ఏమని పెట్టమంటావు?" అన్నారు. మరి ఆ నీరసమో అంటే, "అది వాళ్ళు అడగలేదుగా" అన్నారు. ఆ అమ్మాయి వచ్చే నెల మళ్ళీ వస్తుందట. తనని ఏమడగమంటారు?

కలంకాగితం:

కేడీక్యూఓఎల్-36 కూడా ఇస్తున్నారా అని అడగండి. అది కిడ్నీ పేషెంట్ల కోసమే తయారైంది. నీళ్ళ మీద ఆంక్ష, ప్రయాణాలు, డాక్టర్ల మీద ఆధారపడటం, ఒంట్లో సత్తువంతా పోయినట్టుండటం, అన్నీ అందులో ఉన్నాయి. అందులో చాలా ప్రశ్నలు గడిచిన నాలుగు వారాల గురించి కాబట్టి ఒక్క రోజు మంచిచెడ్డల మీద అంతగా ఆధారపడదు. అయితే దాని కిడ్నీ భాగం నుంచి నేరుగా క్యాలీ రాదు, అందుకే రెండు ఫారాలూ కలిపి ఇవ్వడం మంచిది. నీరసానికి విడిగా సాంగ్ వాళ్ళ మూడు ప్రశ్నల కొలత ఉంది. కిడ్నీ పరిశోధనల్లో ఏమేం కొలవాలో తేల్చే అంతర్జాతీయ బృందం అది. హీమోడయాలసిస్ ట్రయల్స్ అన్నిటిలోనూ కొలవాలని పేషెంట్లూ, కుటుంబాలూ, డాక్టర్లూ కలిసి తేల్చిన నాలుగింటిలో నీరసం ఒకటి. మిగతావి మరణం, గుండె జబ్బులు, రక్తం తీసే ఫిస్టులా లాంటి మార్గం.

అవేవీ వాళ్ళ అధ్యయనంలో లేకపోతే, ఆయన మీతో అన్న మాటే ఆ అమ్మాయితో అనమనండి, రాసుకోమనండి. మా బృందంలో ఇలాంటి మాటలు వరసగా వచ్చాకే నీరసం ప్రశ్నలు చేర్చారు. మీరు పక్కన కూర్చోవచ్చు, జవాబు మాత్రం అందించకండి.