అప్‌డేట్: అంబాసిడర్ వెనక యాక్సిల్ గోల, సౌండ్ పోయింది

పినియన్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్‌తో తిరిగే చిన్న పళ్ల చక్రం) బేరింగులు మార్చాక యాక్సిలరేటర్ తొక్కితే చాలు 50 దగ్గర్నుంచి వెనక ఊళ పెడుతోందని మా మార్క్ 2 గురించి అడిగా కదా, అప్పుడు చాలామంది ముందుగా గేర్ల పళ్ల మీద ప్యాటర్న్ (పళ్లు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో చూపే మచ్చ) చూడమన్నారు. చూశాం. ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రి గారు క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లకి బ్లూ (మచ్చ పడేందుకు పూసే నీలం రంగు) పూసి, క్రౌన్‌ని చేత్తో కాస్త ఆపి పట్టుకుని పినియన్ తిప్పారు. మచ్చ పంటి మధ్యలో కాకుండా పైఅంచున పడింది, అంటే పినియన్ బయటికి ఉండిపోయింది, కొత్త బేరింగ్ ఎత్తు పాతదానితో సరిగ్గా కలవకపోతే ఇంతే మరి. పినియన్ తల వెనక ఇంకాస్త మందం వాషర్ వేస్తే మచ్చ కిందికొచ్చింది గానీ, పినియన్ లోపలికి జరిగేసరికి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండాల్సిన కాస్త ప్లే, అంటే సందు) తగ్గిపోయింది. దాంతో క్రౌన్ వైపు షిమ్ములు (సందు సరిచేసే పల్చటి వాషర్లు) తీసి అవతలి వైపు వేశాం, మొత్తం మందం మారకూడదు, లేకపోతే బేరింగ్ ప్రీలోడ్ (బిగించేటప్పుడే బేరింగులకి ఇచ్చే బిగువు) పోద్ది. ఎంత ప్లే ఉండాలో క్రౌన్ వెనకే చెక్కి ఉంటది, మాసిపోయుంటే కిరోసిన్‌తో కడిగి చూడండి. డయల్ గేజ్‌తో (చిన్న కదలికని కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) ఆ ప్లేని చుట్టూ నాలుగు చోట్లా కొలిచారాయన, "చేత్తో ఊపి చెప్పేవాళ్లని నమ్మకు బాబూ" అని నవ్వుతూనే.

క్రౌన్, పినియన్ జోడీ మాత్రం పాతదే ఉంచా, రెండూ కలిపి ల్యాపింగ్ చేసినవి (ఒకదానితో ఒకటి రుద్ది జత కుదిర్చినవి), ఒక్కటే మార్చడం దండగ. ఈపీ 90 హైపాయిడ్ ఆయిల్ (ఇలాంటి గేర్లకి వాడే చిక్కటి ఆయిల్) పోసి గుంటూరు దాకా వెళ్లొచ్చా, తొక్కినప్పుడు ఊళ లేదు. కాలు తీస్తే మాత్రం సన్నగా వినిపిస్తోంది, పాత పళ్లు కదా, నాకైతే ఓకే.